మెరవణిలో మొదటి వరుస

మెరవణి ఎక్కడ కనబడినా చొరబడాలి. ఎవరి పెండ్లి, పెండ్లికొడుకు పేరేమి, మనకు పిలుపుందా లేదా అని విచారించడం చుట్టాల పని, అభిమాని పని కాదు. బాకా మోగిందా, పోయినామా, అంతే. మాఘమాసంలో మంచి ముహూర్తమున్న రాత్రి నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. ఆ నలభై కిలోమీటర్ల చిల్లర రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్ల సీరియల్ లైట్లే. ఎక్కడ దిగాలో తేల్చుకోవడమే కష్టం. పిలవని పేరంటమని ఎవరైనా మూతి విరిస్తే అహోబిలం స్వామిని అడ్డం పెట్టుకోండి. కనుమ నాడు పారువేటకు బయల్దేరి, నలభై రోజులకు పైగా పల్లకిలో ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, తన పెండ్లికి తానే అందరినీ పిలిచి వస్తాడాయన. దేవుడే గడపగడపకూ వచ్చి పెండ్లికి రమ్మంటుంటే, మనుషుల పెండ్లికి విడిగా శుభలేఖ కావాలనడం అహంకారం.

ఈ సలహాలు చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటో నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. బెంగుళూరులో మూడేండ్లు ఉద్యోగం వెలగబెట్టి, జీతంలో సగం అద్దెకూ మిగతా సగం కచేరీ టికెట్లకూ తగలేసినవాణ్ణి. స్కా, పంక్ అనే రెండు సంగీతాలకు అక్కడే దాసుణ్ణయ్యాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్కా జమైకా సరుకు, 1960 ప్రాంతంలో పుట్టింది. తాళం దెబ్బ పడినచోట కాకుండా దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులో గిటారు 'చెక్, చెక్' అంటుంది. దాని నెత్తిన ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు. పంక్‌కు ఆపాటి సున్నితం కూడా లేదు. 1976లో రమోన్స్ అనే న్యూయార్క్ జట్టు మొదటి ఆల్బమ్ తెచ్చింది. 14 పాటలు, అన్నీ కలిపి 29 నిమిషాలు. మన నాటకంలో హరిశ్చంద్రుడు కాటిసీనులో ఒక పద్యం ఎత్తుకొని, రాగం తీసి, వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదలుపెట్టి ముగించేసరికి వాళ్లు ఆల్బమ్ అవగొట్టి, మూట సర్దుకొని, ఇంటికి పోయి పండుకొని ఉంటారు.

ఉద్యోగం పోయి ఆళ్లగడ్డకు తిరిగొచ్చాక నా బతుకు ఎండిపోయింది. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసు వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది, స్కా మాత్రం రాలేదు. ఢిల్లీలో 2009 నుంచి స్కా వెంజర్స్ అనే జట్టు ఉందిగానీ, ఢిల్లీ ఎవరికి దగ్గర? ఆళ్లగడ్డలో సందు దెబ్బ వినబడేది శిల్పుల షెడ్లలో ఒక్కటే. ఒకాయన ఉలి మీద కొట్టి ఆగితే, ఆ ఆగినచోట పక్క షెడ్డాయన కొడతాడు. ఎండలో నిలబడి ఒక పూటంతా దానికి తల ఊపాను. నంది విగ్రహం బేరం చేయడానికి వచ్చానేమో అనుకొని వాళ్లు టీ కూడా తెప్పించారు.

అప్పుడు మా చిన్నాయన కూతురి పెండ్లి జరిగింది. పెండ్లికొడుకు జీపు ముందు బ్యాండు మేళం. ఎర్రకోట్లు, భుజాన జరీ కుచ్చులు, రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్టు, ఒక శాక్సఫోను, సైడు డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, వెనకాల జెనరేటరు బండి. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ రాత్రి నాకు ఒళ్లు జలదరించింది. ఇది స్కా జట్టు కాకపోతే మరేది?

గాలిమాట కాదు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఆల్ఫా బాయ్స్ స్కూలని ఒకటుండేది. దిక్కులేని పిల్లల్ని, అల్లరి పిల్లల్ని చేర్చుకొని క్రైస్తవ సన్యాసినులు నడిపిన బడి. అక్కడ వడ్రంగం, దర్జీపని, అచ్చుపనితో పాటు ఇత్తడి వాయిద్యాలు కూడా నేర్పేవాళ్లు, ఎందుకంటే అదీ ఒక చేతిపనే, నేర్చుకున్నవాడికి పటాలం బ్యాండులో కూడు దొరుకుతుంది. 1964లో స్కాటలైట్స్ అనే జట్టు కట్టినప్పుడు ట్రాంబోను డాన్ డ్రమండ్, శాక్సఫోను టామీ మెకుక్, ట్రంపెట్టు జానీ మూర్ ముగ్గురూ ఆ బడి పిల్లలే. ఇక్కడి కథ మాత్రం వేరా? తెల్లదొర పటాలాలతో కవాతు బ్యాండు వచ్చింది. దాన్ని చూసి జమీందార్లు, సంస్థానాలు మోజుపడ్డాయి. దొర పోయాడు, కోటు మిగిలింది, ఆ కోటు పెండ్లిండ్లకు దిగింది. ఇప్పటికీ దేశంలో బ్యాండు వాయిద్యాలకు పేరున్న ఊరు మీరట్, అది కూడా కంటోన్మెంటు ఊరే. అంటే జమైకా స్కా, మన మెరవణి బ్యాండు ఒకే తల్లి పిల్లలు. తప్పిపోయిన అన్నదమ్ముల్ని కలిపే పాత సినిమాలో నాది ఎవరి వేషమో నాకు వెంటనే అర్థమైంది.

కాబట్టి మొదటి సలహా. ఈ చుట్టరికాన్ని బ్యాండు మాస్టరుకు ఆ రాత్రే, ఆ రోడ్డు మీదే, ఆయన వాయిస్తుండగానే వివరించాలి. ఊది ఊది పెదాలు వాచి, రెండు పాటల మధ్య ఆయన నీళ్లసీసా ఎత్తినప్పుడు మంచి అదను. నేను అలాగే చేశాను. కింగ్‌స్టన్, సన్యాసినులు, 1964, అన్నీ చెప్పి, "మాస్టరూ, మీరు తాళం మీద వాయిస్తున్నారు, సందులో వాయించాల. అదీ స్కా!" అన్నాను. చేత్తో కొట్టి చూపించాను కూడా.

ఆయన సీసా మూత పెట్టి, డ్రమ్ము పిల్లోని వైపు చూసి, "అది మాకూ వస్తాది సార్. మావోడు నిద్రమత్తులో ఉన్నప్పుడు అట్లే వాయిస్తాడు," అన్నాడు.

ఇలాంటి మాటలకు అభిమాని కుంగిపోకూడదు. కళాకారులకు తమ గొప్పతనం తమకు తెలియదు, మనమే తెలియజేయాలి. నేను ఆ మేళం వెంట మూడు పెండ్లిండ్లు తిరిగాను. నాలుగోది శిరివెళ్ల దాటినాక రోడ్డు పక్క ఊళ్లో. కింద చెప్పే పెండ్లి అనుభవమంతా ఆ ఒక్క రాత్రిదే.

వేషం

పట్టుచీరల మధ్య మనం కొట్టొచ్చినట్టు కనబడాలి. 1979లో ఇంగ్లండులోని కోవెంట్రీలో టూ టోన్ అనే కంపెనీ పెట్టి, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వాయించే స్కా జట్ల పాటలు అచ్చేశారు. నలుపు తెలుపు గళ్లు వాళ్ల గుర్తు. ఆ గళ్ల చొక్కా నంద్యాల బట్టల అంగళ్లలో దొరకదు, నేను దుప్పటితో కుట్టించుకున్నాను. పెండ్లిపెద్ద నన్ను క్యాటరింగు మనిషనుకొని రెండుసార్లు నీళ్లు అడిగాడు. ఇచ్చాను. ఇవ్వడంలో తప్పు లేదు, అభిమానం పోదు.

పంక్ వేషానికి పిన్నీసులు కావాలి. లండను పిల్లకాయలు 1976లో చొక్కాలకూ చెవులకూ పిన్నీసులు గుచ్చుకుంటే పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. మా అత్త మంగళసూత్రానికి అంతకు చాలా ముందు నుంచే నాలుగు పిన్నీసులు వేలాడుతున్నాయి, ఏ పత్రికా పట్టించుకోలేదు. పెండ్లింట్లో ఏ ఆడమనిషిని అడిగినా రెండు పిన్నీసులు దొరుకుతాయి. అడిగే వేళ మాత్రం చూసుకోవాలి. పెండ్లికూతురి కొంగు సర్దుతున్నప్పుడు అడగడం శ్రేష్ఠం, అప్పుడు అన్నీ బయటకు తీసి ఉంటారు. నేను తీసుకున్న మూడింటి వల్ల తర్వాత ఏదో కుచ్చిళ్ల గొడవ జరిగిందని విన్నాను. వివరాల్లోకి పోలేదు.

చోటు

స్పీకరు పెట్టె ముందు. పక్కన కాదు, వెనక కాదు, ముందు. ఈ మధ్య మేళాలు ఒక తోపుడు బండి మీద పెద్ద పెట్టెలు, కీబోర్డు, పాటగాణ్ణి కూడా తెచ్చుకుంటున్నాయి. డీజే పెట్టెలు వచ్చి కూడు లాక్కుంటుంటే వాళ్లూ ఏదో ఒకటి చేయాలి కదా. ఆ పెట్టెకు మూరెడు దూరంలో చెవి ఉండాలి.

దీని వెనక శాస్త్రముంది. పనిచేసేవాళ్ల చెవుల కోసం అమెరికా వాళ్లు ఒక లెక్క కట్టారు. 85 డెసిబెళ్ల చప్పుడులో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆ పైన 3 డెసిబెళ్లు పెరిగితే సమయం సగం చేసుకోవాలి. అలా లెక్కేస్తే 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలు. ఇది చదివి చాలామంది బెదురుతారు. సరిగా చదవండి. 8 గంటల్లో అందాల్సిన సరుకు 15 నిమిషాల్లో అందుతోంది! మిగిలిన ఏడు ముప్పావు గంటలూ లాభం. లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయనీ, అవి చచ్చిపోతే తిరిగి మొలవవనీ ఒక చెవి డాక్టరు నాకు చెప్పాడు. నెత్తిమీదివి పోయినప్పుడే నేను దిగులుపడలేదు. కచేరీ అయ్యాక చెవిలో 'కొంయ్...' మని మోగుతుందే, దాన్ని రోగమనుకోకండి. డబ్బులివ్వకుండా దొరికే వన్స్‌మోర్ అది. మొదట్లో రెండు గంటలుంటుంది. శ్రద్ధగా సాధన చేస్తే రోజంతా ఉంటుంది. నాకిప్పుడు సెలవు దినాల్లో కూడా ఉంటోంది.

బ్యాండు మాస్టరు చెవుల్లో దూదుండలు చూశాను. డ్రమ్ము పిల్లోడి చెవుల్లో కూడా ఉన్నాయి. ఇంతమందికి ఒకేసారి జలుబు చేయడం విచిత్రమే. మంచు కాలం కదా.

పాట అడగడం

ఒక పాట సగంలో ఉండగా ఇంకో పాట అడగాలి. పూర్తయ్యాక అడిగితే అది మర్యాద అవుతుంది, అభిమానం అవదు. అడిగే పద్ధతి తెలిసిందే. పది రూపాయల నోటు పెండ్లికొడుకు తల చుట్టూ మూడుసార్లు తిప్పి, వాయించేవాడి ముక్కు ముందు ఆడించాలి. ట్రంపెట్టు వాయించేవాడి రెండు చేతులూ బిగుసుకొని ఉంటాయి, తీసుకోలేడు. తీసుకోవాలంటే వాయించడం ఆపాలి, ఆపితే పెండ్లివారు అరుస్తారు. ఈ ఇరకాటంలో అతని కళ్లు నోటు వెంబడి ఎట్లా తిరుగుతాయో చూడటంలో ఒక ఆనందముంది. నా పక్కనున్న పెండ్లికొడుకు మేనమామ ఇందులో నిపుణుడు. నోటు పెదాల దాకా తెచ్చి వెనక్కి లాగేవాడు. నేను ఇంకొక అడుగు ముందుకు వేసి, నోటును చుట్టి బాకా నోట్లో దోపాను. స్వరం మూసుకుపోయి బాతు అరిచినట్టు వచ్చింది. అచ్చం పంక్! మాస్టరు వాయిద్యం తిరగేసి, నోటు దులిపి, దానితో పాటు లోపలి నీళ్లు కూడా దులిపి, ఏమీ అనకుండా మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి. పంక్ కచేరీల్లో అభిమానులు జట్టు మీద ఉమ్మేవాళ్లు. అదొక గౌరవమనుకునేవారు. 1978లో ది క్లాష్ జట్టు గాయకుడు జో స్ట్రమ్మర్‌కు కామెర్ల జబ్బు అందుకే తగిలిందని చెప్పుకుంటారు. మా దగ్గర జట్టు వైపు నుంచి గౌరవం వచ్చింది, అంతే తేడా.

ఏ పాట అడగాలి? ఇక్కడ స్వేచ్ఛ లేదు. ఏ జట్టైనా, ఏ ఊరైనా, చివరికి నాగిన్ రాగమే. 1954లో వచ్చిన హిందీ సినిమా అది, హేమంత్ కుమార్ సంగీతం. ఆ నాగస్వరం పాములోళ్ల బుర్ర నుంచి వచ్చింది కాదు, క్లావియోలిన్ అనే కరెంటు వాయిద్యం మీద కళ్యాణ్‌జీ వాయించింది. కరెంటు పెట్టె పామును అనుకరించింది, పెండ్లి క్లారినెట్టు ఆ పెట్టెను అనుకరిస్తోంది, మేనమామ దస్తీ పండ్ల మధ్య కరుచుకొని ఆ క్లారినెట్టుకు బుస కొడుతున్నాడు. రోడ్డు మీద పొర్లే పాము ఆయన, తాగించేది పక్కనున్నవాళ్లు. దీనికి మించిన కళ న్యూయార్కులో ఉంటే చూపించండి.

ఎగరడం

స్కాకు మోకాళ్లెత్తి మోచేతులు ఊపాలి, పరుగెత్తుతూ ముందుకు పోనివాడిలాగ. పంక్‌కు నిట్టనిలువునా ఎగిరి పక్కవాళ్లను గుద్దాలి. గుద్దిన తర్వాత క్షమాపణ చెప్పకూడదు. బెంగుళూరులో ఒక్కటే నాకు నచ్చలేదు. ఆ గుద్దులాటలో ఎవడైనా కింద పడితే నలుగురూ ఒక్కసారి ఆగి, చంకల కింద చేతులేసి లేపి, పోయిన చెప్పు వెతికిచ్చి, మళ్లీ గుద్దడం మొదలుపెడతారు. అది వాళ్లలో రాయని చట్టం. లయ మొత్తం చెడిపోతుంది. మన దగ్గర ఎవరైనా పడితే ఫోను తీసి వీడియో పట్టండి. వెలుతురు చాలకపోతే ట్యూబులైటు మోసే ఆడమనిషిని ఇటు రమ్మని కేకేయండి. నెత్తిమీద ఆ బరువుతో, కరెంటు తీగ ఎంత పొడుగుంటే అంతే నడవాల్సిన మనిషి ఆమె, కానీ పిలిస్తే వస్తుంది.

ఆ రాత్రి పడింది పెండ్లికొడుకు తాత. నేను గుద్దింది ఆయననే అని తర్వాత తెలిసింది. అప్పుడు బ్యాండు ఆగింది. ఎవరూ ఆపమనలేదు. మాస్టరు ట్రంపెట్టు దించి చేయెత్తాడు, అన్ని వాయిద్యాలూ ఒకే దెబ్బకు ఆగాయి. డ్రమ్ము పిల్లోడు డ్రమ్ము మెడలో వేలాడుతుండగానే వంగి ముసలాయనను లేపాడు. అంత కచ్చితంగా ఒక్క దెబ్బ మీద ఆగడం ఆ మేళం అంతకు ముందు ఏ పాటలోనూ చేయలేదు. నేను చప్పట్లు కొట్టాను. నేనొక్కణ్ణే కొట్టాను.

కొంచెంసేపటికి ఒక కానిస్టేబులు వచ్చాడు. పోలీసులు వస్తే అభిమాని ముందుకు రావాలి, చట్టం తెలిసినవాడిలాగా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయలులో మైకు నిషేధం. పండుగలకూ ఉత్సవాలకూ ప్రభుత్వం తలచుకుంటే, ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. ఇదంతా అప్పజెప్పి, "ఇది మైకు కాదు, బాకా. నియమంలో బాకా లేదు," అన్నాను. "2010లో సవరణ వచ్చిందిలేబ్బా, వాయిద్యాలు గూడ కలిపినారు," అన్నాడు కానిస్టేబులు. అందుకే ఏ చట్టాన్నయినా సగమే చదవాలి. నేను సగమే చదివాను కాబట్టి అంత ధైర్యంగా మాట్లాడగలిగాను.

వేరే వేదికలు

ఆషాఢమూ మూఢమూ వచ్చి పెండ్లిండ్లు ఆగిపోతే చెక్కభజన చూడవచ్చు. చూడవచ్చు అన్నానే గానీ అదే చిక్కు, దానికి చూసేవాళ్ల వరుస అంటూ సరిగ్గా ఉండదు. రామాలయం ముందర కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు, మధ్యన గురువు. ఆయన పాట అందుకొని ఒక్క కేక వేస్తే ఇరవైమంది ఒకే అడుగు మీద గాల్లోకి లేస్తారు, నేల అదురుతుంది. లోపలికి దూకబోయిన నన్ను గురువు చెక్కతోనే ఆపాడు. "రాత్రిళ్లు మూడునెల్లు రా నాయనా, అడుగులు నేర్పిస్తా. పగలు సేద్యం పని జేసుకోని వస్తాండారు వీళ్లంతా," అన్నాడు. పంక్‌కు సాధన అక్కరలేదనీ, మూడు స్వరాలు తెలిస్తే జట్టు కట్టవచ్చనీ నేను వాదించాను. "అడుగు తప్పితే నీ చెక్క పక్కోని మొగానికి తగుల్తాది. మూడునెల్లు దానికి," అన్నాడాయన. అంత కట్టుబాటున్నచోట అభిమానికి ఏముంది? పైగా నిన్న చప్పట్లు కొట్టినవాడు ఈరోజు చెక్క పట్టుకొని లోపల ఉంటాడు. అందరూ ఆడేవాళ్లే అయితే మెచ్చుకునేదెవరు?

నాటకాల్లో ఈ బాధ లేదు. శివరాత్రికి మహానంది వైపు పోతే జాగారం రాత్రి ఏదో ఒక పందిట్లో హార్మోనియం వినబడుతుంది. హరిశ్చంద్రుడు కొడుకు శవం ముందు నిలబడినప్పుడు వన్స్‌మోర్ అని అరవండి. లోహితాస్యుడి వేషం వేసిన పిల్లవాడు మళ్లీ చావాల్సి వస్తుంది, ఫరవాలేదు. అలవాటు పడిపోయి ఉంటారు.

తాళి కట్టే వేళ

మెరవణి మంటపానికి చేరగానే బ్యాండు పని అయిపోతుంది, సన్నాయి మేళం పని మొదలవుతుంది. అభిమానులు చాలామంది ఇక్కడ వెళ్లిపోయి గొప్ప అవకాశం పోగొట్టుకుంటారు. గట్టిమేళానికి మించిన పంక్ లేదు. పంతులు చేయెత్తగానే సన్నాయీ డోలూ రాగం తాళం విడిచిపెట్టి ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఎందుకంటే ఆ క్షణాన ఎవరైనా తుమ్మితే, ఏదైనా చెడ్డమాట అంటే, వధూవరుల చెవిన పడకూడదు. చప్పుడు ఉన్నదే ఇంకో చప్పుడు వినబడకుండా చేయడానికి! ఈ సిద్ధాంతం లండను పిల్లకాయలకు తట్టలేదు. మీరు చేయాల్సిందల్లా, గట్టిమేళం నిజంగా పనిచేస్తుందో లేదో పరీక్షించడం. నేను సరిగ్గా మూడో ముడి దగ్గర గట్టిగా తుమ్మాను. పనిచేయలేదు.

భోజనం, చదివింపులు

అభిమాని మొదటి బంతిలోనే కూర్చోవాలి. ఓళిగలు వేడిగా ఉంటాయి, నెయ్యి ధారాళంగా పడుతుంది, గుత్తొంకాయలో కాయలు కాయలుగా ఉంటాయి. బ్యాండు వాళ్ల కోసం ఆగకండి, వాళ్లకు చివరి బంతి. పెట్టెలు దించి, కోట్లు మడిచి, జెనరేటరు కట్టేసి వచ్చేసరికి వంకాయ ముక్క అయిపోయి పులుసు మిగిలి ఉంటుంది, ఓళిగలు లెక్కకు తక్కువపడతాయి. కళాకారుడు ఆకలితో ఉండాలని పెద్దలు ఊరికే అనలేదు. ఆ పెద్దలు మొదటి బంతిలో తిన్నవాళ్లే.

చేయి కడుక్కొని చదివింపుల బల్ల దగ్గరకు పోవాలి. నూటపదహార్లు ఇచ్చి, మైకులో చదవాల్సిన పేరు కాగితం మీద రాసివ్వాలి. నోటితో చెబితే తగ్గించి చదువుతారు. నేను రాసిచ్చింది: "రాయలసీమ స్కా, పంక్ అభిమాన సంఘం వ్యవస్థాపక అధ్యక్షులు, ఆళ్లగడ్డ వాస్తవ్యులు." మైకాయన "స్కాపుంక" అని ఒకసారి, "సబ్బుపంకా" అని ఒకసారి చదివి, "ఫ్యాన్ల కంపెనీ వారు నూటపదహార్లు" అని ముగించాడు. జనం మంటపం పైకప్పు ఫ్యాన్ల వైపు చూశారు.

పది నిమిషాల తర్వాత పెండ్లిపెద్ద నా దగ్గరకు వచ్చి ఒక కవరు చేతిలో పెట్టి, భుజం మీద చేయేసి, గేటు దాకా తానే నడిపించుకొని వచ్చాడు. తాతకు మోకాటి చిప్ప వాచిందని మాత్రం చెప్పాడు. కవరులో నా నూటపదహార్లే ఉన్నాయి, రూపాయి బిళ్లతో సహా. నేను కండ్లనీళ్లు పెట్టుకున్నాను. అమెరికాలో ఫుగాజీ అనే పంక్ జట్టు ఐదు డాలర్ల టికెట్టుతో కచేరీలు చేసేది. ఎవడైనా జనాన్ని కుమ్ముతుంటే పాట ఆపి, వాడి ఐదు డాలర్లు వాడికి కవరులో పెట్టిచ్చి బయటకు పంపించేవాళ్లు. మూడేండ్లు బెంగుళూరులో ఎన్ని కచేరీలు చూసినా నాకు దక్కని ఆ సంప్రదాయం శిరివెళ్ల దగ్గర ఒక పల్లెలో, స్కా అనే మాట వినని మనిషి చేతుల మీదుగా దక్కింది. మీరు కూడా కవరు వచ్చేదాకా పట్టు విడవకండి. రాకపోతే రెండో తాతను వెతకండి.

ఇంటికి రావడం

చివరి బస్సు ఎప్పుడో పోయి ఉంటుంది. రోడ్డు పక్క టీ బండి దగ్గర తెల్లవారేదాకా కూర్చోవాలి. ఉగ్గాని, బజ్జీ మొదటి వాయి దిగే వేళకు బ్యాండు వాళ్లు కూడా అక్కడికే చేరతారు. కోట్లు లేకుండా వాళ్లను గుర్తుపట్టడం కష్టం, మామూలు మనుషుల్లాగా ఉంటారు. మాస్టరు వేడి టీ పెదాలకు తగలకుండా పక్కనుంచి తాగుతున్నాడు. నేను దగ్గరకు పోయి రాత్రి వాయించినదాంట్లో లోపాలు వరసగా చెప్పాను. ఆయన తలాడిస్తూ పోయాడు. మాట కలపలేదు. మరుసటి రాత్రి బనగానపల్లె వైపు ఇంకో పెండ్లి ఉందట, డ్రమ్ము పిల్లోడు ఆళ్లగడ్డలో ఎవరినో చూసుకొని మధ్యాన్నానికి మళ్లీ రావాలట. ఇదంతా వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటుంటే సైగలను బట్టి పట్టుకున్నాను.

మొదటి బస్సులో ఆ పిల్లోడు నా పక్క సీట్లో కూర్చున్నాడు. డ్రమ్ము కాళ్ల మధ్య పెట్టుకున్నాడు, పద్దెనిమిదేండ్లుంటాయేమో. నా గళ్ల చొక్కా వైపు, పిన్నీసుల వైపు కాసేపు చూశాడు. నేను చెవి విదిలించుకుంటూ ఉన్నాను, కొంయ్ మని మోత ఇంకా తగ్గలేదు. అతను జేబులోంచి ఒక దూది ఉండ తీసి, రెండుగా చీల్చి, నా అరచేతిలో పెట్టాడు. అభిమానులకు కళాకారులు ఏదైనా గుర్తుగా ఇవ్వడం మామూలే, గిటారు వాయించేవాళ్లు తీగలు మీటే బిళ్లలు విసురుతారు. జాగ్రత్తగా పర్సులో పెట్టుకున్నాను. అతను తల అడ్డంగా ఊపి, నా చెవి వైపు వేలు చూపించి, ఏదో అన్నాడు. చాలాసేపే అన్నాడు. పెదాలు కదలడం కనబడింది.

మెచ్చుకోలే అయి ఉంటుంది.